తీసేసిన అభిమన్యుడు

పోయిన వారం కొమురెల్లిని గోదావరిఖని బస్టాండులో వదిలిపెట్టాం. పెద్దపల్లి బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, కండక్టరు రైట్ అనబోయేసరికి లేచి దిగిపోయిన మనిషిని అక్కడే సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాం. ఆయన చొక్కా జేబులో రెండు కాగితాలున్నాయి. ఒకటి, మరునాడు పదకొండు గంటలకు గని ప్రమాదం మీద పెద్దపల్లిలో జరిగే విచారణకు రమ్మన్న నోటీసు. రెండోది, అక్కడ ఏం చెప్పాలో సైటు మేనేజరు వీరేందర్ ముందే టైపు చేయించి ఇచ్చినది. 'పై అధికారుల ఆదేశం లేనిదే ఏ పనీ చేయరాదని నా క్లాసుల్లో ప్రతిసారీ చెప్పాను' అని ఉంది అందులో. కింద సంతకానికి చోటు ఖాళీగా ఉంది.

ఆ మాట అబద్ధమని కొమురెల్లికి తెలుసు. వీరేందర్‌కూ తెలుసు. క్లాసులో ముందు బెంచీలో కూర్చుని విన్న అంజికి అందరికన్నా బాగా తెలుసు. ఆ అంజి ఇప్పుడు లేడు.

ఓపెన్‌కాస్టు గుంతలో బొగ్గు మీది మట్టి తీసే కాంట్రాక్టు మేరుశిఖర అనే ప్రైవేటు సంస్థది. గుంత అడుగున చేరే నీళ్లను తోడే మోటరు దగ్గర అంజి పని. పదమూడు రోజుల కిందట, వాన తెరిపిచ్చిన పొద్దున, మునగబోతున్న మోటరును కాపాడటానికి ఒక్కడే కిందికి దిగాడు. పక్కనున్న మట్టి కట్ట జారి మీద పడింది. ముప్పై రెండేళ్లవాడు. బయటికి తీసేసరికి మధ్యాహ్నమైంది. మేం పంపలేదు, చెప్పకుండా తన ఇష్టం మీద తనే పోయాడు, అన్నది సంస్థ మాట.

కొమురెల్లి ముప్పై నాలుగేళ్లు భూమి లోపల పనిచేసినవాడు. చివరి పన్నెండేళ్లు సర్దారు. అంటే కార్మికులకన్నా ముందు తను లోపలికి పోయి, కర్రతో పైకప్పు కొట్టి, చప్పుడు విని, ఇక్కడ పనిచెయ్యొచ్చు ఇక్కడ వద్దు అని తేల్చే మనిషి. తిండి వేళ అందరూ చుట్టూ చేరితే పురాణాలు చెప్పేవాడు. బాగోతాలు చూసి పెరిగిన నోరు ఆయనది. రిటైరైన ఏడాదికి ఒక దసరా సభలో ఆ నోటి మాట విన్న వీరేందర్, "రామాయణ భారతాల్లో మేనేజ్‌మెంట్ అంతా ఉంది సార్, అది మా వాళ్లకు మీరు చెప్పాలి" అని పిలిచి, ప్రతి సోమవారం పొద్దున గంటసేపు క్లాసు అప్పజెప్పాడు. మైకు, ప్రొజెక్టరు, పేరు అచ్చేసిన కార్డు. ముప్పై నాలుగేళ్లు బొగ్గు తీసినా ఆయన్ని ఎవ్వరూ సార్ అనలేదు. క్లాసు మొదలైన వారానికి అందరూ అన్నారు. అది ఎంత తియ్యగా ఉండిందో ఆయనకే తెలుసు.

బెంచీ మీద నుంచి లేచినప్పుడు మూడు దాటింది. ఎటు పోవాలో కాళ్లే తేల్చుకున్నట్టు అంజి ఇంటి దారి పట్టాడు. చావు నాడు వచ్చాడు గానీ జనం వెనక నిలబడి వెళ్లిపోయాడు. దినాలకు రాలేదు.

సంధ్యారాణి ఇంటి ముందు నల్లా దగ్గర బట్టలు ఉతుకుతోంది. అవి అంజి డ్యూటీ బట్టలు. అడుగుల చప్పుడుకు తలెత్తి చూసి, మళ్లీ వంచుకుంది.

"యూనిఫారం వాపసియ్యాలంట," అంది. "రెండు జతలు రాసున్నయంట వాళ్ల దగ్గర. ఒకటి ఆయన ఒంటి మీదనే పోయె. ఇంకోటన్న ఇయ్యాలె గద."

అంజి వరసకు కొమురెల్లిని కాక, అంటే బాబాయి, అనేవాడు. ఆ వరసన సంధ్యారాణి మామ అంటుంది. పెళ్లయి బెల్లంపల్లి నుంచి వచ్చిన కొత్తలో ఈ ఊళ్లో ఆమెకు రేషన్ కార్డు దగ్గర్నుంచి దవాఖాన దాకా తోడు నడిచింది ఆయనే.

"లోపటికి రా మామా. ఇన్నొద్దులకు దారి దొరికిందా?"

"మొఖం చెల్లలే బిడ్డా."

ఒక్కటే గది. గోడవారగా మంచం మీద అంజి తల్లి ఐలవ్వ అటు తిరిగి పడుకుని ఉంది. కొడుకును తీసుకొచ్చిన రోజు నుంచి ఆమె నోరు తెరవలేదు. ముద్ద పెడితే తింటోంది, లేకపోతే లేదు. కాళ్లు కింద పెట్టడం కూడా ఎవరైనా లేపితేనే. అంజి కూతురు ఇంకా బడి నుంచి రాలేదు.

సంధ్యారాణి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చి, గడప మీద కూర్చుంది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మామా, నువ్వు ఏప్రిల్ల చెప్పినవ్ గద, హనుమంతుని క్లాసు. అది నాకు చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఆయనకు ఎట్ల చెప్పినవో గట్లనే చెప్పు. ఒక్క మాట గూడ ఇడవకు."

వద్దనడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. నేల చూస్తూ మొదలుపెట్టాడు. సముద్రం ఒడ్డున వానరులంతా కూలబడి ఉన్నారు. అవతల లంక. ఎవరెంత దూరం ఎగరగలరో ఒక్కొక్కరే చెబుతున్నారు. ఒకడు పది యోజనాలు అన్నాడు, ఒకడు ఇరవై. అంగదుడు లేచి, పోవడమైతే పోతాను గానీ తిరిగి రాగలనో లేదో చెప్పలేను అన్నాడు. హనుమంతుడు ఓ మూల మాట్లాడకుండా ఉన్నాడు. జాంబవంతుడు వచ్చి నీ బలం నీకు తెలియదు లెమ్మంటే లేచాడు. సీతమ్మ జాడ తెలుసుకుని రా, అంతవరకే ఆయనకు చెప్పిన పని. జాడ తెలిసింది, పని అయిపోయింది. ఇంకొకడైతే తిరుగు దారి పట్టేవాడు. ఆయన అట్ల పోలేదు. శత్రువు బలం ఎంతో చూడాలనుకున్నాడు. తోట విరిచాడు, ఊరు కాల్చాడు, అప్పుడు వచ్చాడు. ఇవన్నీ చెయ్యమని ఎవరైనా చెప్పారా? చెప్పలేదు.

చెబుతున్నకొద్దీ గొంతు దానంతటదే లేచింది. చెయ్యి కూడా లేచింది. ఆగే చోట ఆగుతూ, సాగదీసే చోట సాగదీస్తూ కథ నడిచింది. సంధ్యారాణి కళ్లార్పకుండా చూస్తోందని తెలిసి, గాలిలో ఉన్న చేతిని చూసుకుని, సిగ్గుతో దించేశాడు.

"ఆపకు," అందామె. "అటెన్క ఏమన్నవ్?"

"అటెన్క... పైవాడు ఒక్కటి చెప్తడు, అండ్ల దాగున్న పది చూసి చేసేటోడే పనిమంతుడన్న. దాన్నే చొరవ అంటరన్న."

"వీరేందర్ సారు ఏమన్నడు?"

"మైకు తీస్కున్నడు. మనకు ఒడ్డున కూసునేటోళ్లు వద్దు, అంగదులొద్దు, హనుమంతులు కావాలన్నడు."

"అందరు చప్పట్లు కొట్టిండ్రు."

"కొట్టిండ్రు."

"నాకెరుకే. ఇంటికొచ్చి ఇదంత చేసి చూపిచ్చిండు. చిన్నదాని మీదికెళ్లి దునికిండు సముద్రమని. అది నవ్వుడే నవ్వుడు." ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంది. "ఆ తెల్లారి నుంచి సైటు మీద ఎవడు జర వెనక్కి తగ్గినా వానికి అంగదుడని పేరు. నీకెరుకేనా?"

"ఎరుకే."

"మే నెలల ఈయనను అన్నరు. మోటరు కాడ కట్ట పగులిచ్చింది, చూసినంకనే దిగుతనన్నందుకు. వారం దినాలు అన్నరు. డ్యూటీ నుంచొచ్చి బువ్వ ముందల పెడితె కలుపుకుంట కూసునేటోడు, తినకపోయేటోడు. జూన్ల మొదటి వానకు ఎవ్వరు చెప్పకుండనే దిగి మోటరు పైకి తెచ్చిండు. అప్పుడు ఈ నెల హనుమ అని శాలువ కప్పిండ్రు. ఎవరు కప్పిండ్రు మామా?"

"నేనే."

"నువ్వే. ఫొటో ఆఫీసు గోడకు పెట్టిండ్రు. సచ్చిన తెల్లారే తీసేసిండ్రు."

బయట నల్లా కింద బకెట్టు నిండి నీళ్లు పొర్లుతున్నాయి. ఆమె లేవలేదు.

"హనుమంతుడు తిరిగొచ్చిండు," అంది మెల్లగా. "తిరిగొచ్చిండు కాబట్టే అది కత అయ్యింది. మునిగిపోతె ఏమనేటోళ్లు? చెప్పిన పని చేసి రాక ఎందుకు పోయిండు అనేటోళ్లు. మీరు అందరు తిరిగొచ్చినోళ్ల కతలే చెప్తరా మామా? లోపటికి పోయి తిరిగిరానోని కత మీ పురాణాలల్ల ఒక్కటి గూడ లేదా?"

లేదు అనేస్తే అయిపోయేది. ఆమెకు నిజం తెలిసే దారి లేదు, వీరేందర్ తప్ప ఇంకో మనిషికి కూడా తెలియదు. కొమురెల్లి చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"ఉన్నది బిడ్డా. ఆ దినానికే రాసుకున్న."

ఆ క్లాసుకు మూడు రోజుల ముందు వీరేందర్ గదిలో జరిగింది చెప్పాడు. ఆ సోమవారానికి ఆయన రెండు కథలు సిద్ధం చేసుకున్నాడు. హనుమంతుడి వెనకే అభిమన్యుడు. పద్మవ్యూహంలోకి దూరడం తెలుసు, బయటపడటం తెలియదు. ఆ సంగతి పిల్లవాడు దాచుకోలేదు, యుద్ధానికి ముందే పెదనాన్నకు చెప్పాడు. ధర్మరాజు విన్నాడు. విని, నువ్వు దారి తెరువు నాయనా, మేమంతా నీ వెనకే వస్తాం అన్నాడు. వచ్చారు కూడా. సైంధవుడు అడ్డం నిలబడితే లోపలికి పోలేకపోయారు. అందరూ అభిమన్యుడి వీరత్వం గురించి చెబుతారు గానీ, పాఠం ఉన్నది ధర్మరాజు దగ్గర అని కొమురెల్లి రాసుకున్నాడు. మనిషిని లోపలికి పంపేవాడు, ఆ మనిషి బయటికొచ్చే దారి ముందు చూసి పెట్టాలి. చూడకుండా పంపితే, వాడు ఎంత ఇష్టంగా పోయినా సరే, ఆ చావు పంపినవాడిది. పన్నెండేళ్లు కర్రతో పైకప్పు కొట్టి నేర్చుకున్నదంతా ఆ నాలుగు లైన్లలో ఉంది.

వీరేందర్ రెండుసార్లు చదివాడు. నుదురు రుద్దుకున్నాడు. చెడ్డగా ఏమీ అనలేదు.

"చాలా బాగుంది సార్. కానీ ఇది మేనేజర్ల పాఠం, కార్మికుల పాఠం కాదు. వాళ్ల ముందు ఇది చెబితే రేపటి నుంచి ప్రతివాడూ ముందు దారి చూపించు, అప్పుడే దిగుతా అంటాడు. వానాకాలం దగ్గరికొస్తోంది. పై నుంచి నా మీద ఎంత ఒత్తిడి ఉందో మీకు తెలియదు. ఇది తీసేద్దాం. మళ్లీ ఎప్పుడైనా చూద్దాం."

మీ ఇష్టం సార్, అన్నాడు కొమురెల్లి. వీరేందర్ ఒక మీట నొక్కితే తెర మీద అభిమన్యుడు పోయాడు.

ఇదంతా విన్నాక సంధ్యారాణి తలెత్తి ఆయన కళ్లల్లోకి చూసింది.

"నీకు తెలిసే తీసేసినవా?"

"తెలిసే."

"గనిల ముప్పై నాలుగేండ్లు ఉన్నవ్. కట్ట ఎట్ల జారుతదో, మనిషి ఎట్ల పోతడో నీకన్న ఎక్కువ ఎవరికెరుక? తెలిసి ఎందుకు ఊకున్నవ్?"

"సార్ అంటున్నరు బిడ్డా అందరు. కాదంటె అది పోతదనుకున్న. గంతే. ఇంకేం లేదు."

ఏదైనా పెద్ద కారణం ఉంటే బాగుండునని ఆ క్షణాన ఆయనకే అనిపించింది. వెతికినా ఇంకేమీ దొరకలేదు.

"కాక చెప్పిండు, కాక చెప్పిండు అనేటోడు ఇంట్ల," అంది సంధ్యారాణి. "నేను కసిరేదాన్ని. నీకు తండ్రి లేకపాయె, కాక దేవుడాయె అని." గడప మీది నుంచి లేచి పక్కకు జరిగి దారి ఇచ్చింది. "ఇగ పొండ్రి సార్."

ఈ ఊళ్లో ఎన్ని వందల మంది ఆ మాటతో పిలిచారో ఆయన్ని. అది ఇంత బరువుంటుందని ఆయనకు తెలియదు. గడప దాకా వచ్చి గోడ పట్టుకున్నాడు.

"పోత. రేపు పెద్దపల్లిల ఇదంత చెప్త. నేనేం చెప్పిన, ఏం తీసేసిన, అంగదుడని ఎవరు పేరు పెట్టిండ్రు, శాలువ ఎందుకు కప్పినం, అన్ని. వాడు ఊకనే ఆదేశం మీరి పోయిండని రాయనియ్య. వాని పేరు చెడనియ్య."

"చెప్పకుండ్రి."

ఆయన వెనక్కి తిరిగాడు.

"పొద్దుగాల వీరేందర్ సారు వచ్చిండు," అంది ఆమె, గోడ కేసి చూస్తూ. "కాయిదం తెచ్చిండు. వద్దని చెప్పినా వినకుండ నా భర్త తన ఇష్టంతోని పోయిండు, ఎవ్వరి తప్పు లేదు అని రాసున్నది. నేను చదివిన. రెండుసార్లు చదివిన. సంతకం పెట్టిన."

"సంధ్యా..."

"ఒకటో తారీకు నుంచి ఆఫీసుల పని ఇస్తరంట. చిన్నదాని బడి ఉన్నది, అత్త మందులున్నయి. మా నాయిన బెల్లంపల్లిల పించినితోని ఇద్దరు మనుషులను సాదుతున్నడు, నేను ఏ మొఖం పెట్టుకొని పోవాలె అక్కడికి? నువ్వు రేపు నిజం చెప్తె నేను రాసిచ్చింది అబద్ధమైతది. పని పోతది." ఇప్పుడు ఆమె కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. "నిన్ను ఏమనాలె మామా నేను? నువ్వు కత తీసేసినవ్. నేను మనిషినే తీసేసిన."

కొమురెల్లి గడప మీద కూలబడ్డాడు. ఆయనకు తెలిసిన పురాణాల్లో ఎక్కడా ఈ ఇంటికి పనికొచ్చే మాట లేదు. ఉన్నా చెప్పే నోరు లేదు.

అప్పుడు మంచం కిర్రుమంది.

"వాడు పోనన్నడు బిడ్డా."

పదమూడు రోజులు వాడని గొంతు అది. ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. ఐలవ్వ ఇటు తిరిగి, మోచేతి మీద లేస్తోంది. సంధ్యారాణి పోయి వీపుకు చెయ్యి ఆనించింది.

"ఏందత్తా? ఎవరు పోనన్నరు?"

"అంజిగాడు. నువ్వు చిన్నదాన్ని బడిల ఇడిసిపెట్ట పోయినవ్. వాడు బువ్వ తింటున్నడు. ఫోనొచ్చింది. చెయ్యి ఎంగిలి ఉన్నదని గట్టిగ వినొచ్చేటట్టు పెట్టిండు. మోటరు మునుగుతున్నది, దిగి తియ్యమన్నడు అవుతలాయన. వీడు దిగనన్నడు. కట్ట మెత్తగున్నది సార్, ఎండ రానియ్యిండ్రి అన్నడు. ఫోను పెట్టేసిండు." ఐలవ్వ ఊపిరి తీసుకుంది. "మల్ల వచ్చింది. ఈసారి ఆయన నవ్విండు. నవ్వి ఏదో అన్నడు, నాకు సమజ్ కాలే. వీడు మాట్లాడలే. ముద్ద చేతిల పట్టుకొని నా దిక్కు చూసిండు."

"ఇన్ని దినాలు చెప్పకపోతివి అత్తా."

"ఎట్ల చెప్పాలె? పొమ్మన్నది నేనే." ముసలామె కోడలి ముఖంలోకి చూసింది. "సార్లు రెండుసార్లు పిలిస్తె పోకుంటె ఎట్ల బిడ్డా అన్న. వాడు చెయ్యి కడుక్కున్నడు. నీళ్లల్ల తడుస్తదని ఫోను ఇంట్లనే పెట్టిండు. పోయిండు. నా నోటితోని నేనే పంపిన."

ఆ ఇంట్లో ఆ తర్వాత ఏడుపు ఎవరిదో ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చెప్పడం కష్టం. ఇరుగుపొరుగు వచ్చి తొంగిచూసి వెనక్కి పోయారు. అంజి చెప్పకుండా పోలేదు. తొందరపడి పోలేదు. కట్ట చూశాడు, ప్రమాదం కనిపెట్టాడు, దిగనని నోరు తెరిచి చెప్పాడు. కొమురెల్లి సర్దారుగా ఉన్నప్పుడు ఇలాంటివాడు ఒక్కడుంటే ఆ షిఫ్టంతా నిశ్చింతగా ఉండేవాడు.

ముందు తేరుకున్నది ఆయనే.

"ఫోను ఏది సంధ్యా? ఎవరు చేసిండ్రో అండ్ల ఉంటది."

సంధ్యారాణి నుదురు కొట్టుకుంది.

"పొద్దున కాయిదంతోని పాటు ఫోను గూడ అడిగిండు సారు. విచారణకు కావాలన్నడు. ఇచ్చిన."

ఆమె చెప్పులేసుకుంది.

"యాడికి?"

"సైటుకు. నా ఫోను నేనడుగుత. పని పోతె పోనియ్యి."

"నన్ను గూడ తోల్కపోండ్రి," అంది ఐలవ్వ, కాళ్లు నేల మీద పెడుతూ. "ఫోను ఇయ్యకపోతె మానె. ఆ గొంతు నాకు యాదికున్నది."

పక్కింటి వాళ్లకు పిల్లను చూడమని చెప్పి, ఆటో మాట్లాడి, ముసలామెను మధ్యలో కూర్చోబెట్టుకుని బయల్దేరారు. దారి పొడుగునా మట్టి లారీలు. సైటు ఆఫీసు ముందు దిగేసరికి అయిదు కావస్తోంది. ఐలవ్వను చెరో వైపు పట్టుకుని వరండా ఎక్కించారు. గోడ మీద ఒక ఫొటో తీసేసిన మేకు మాత్రం ఉంది.

లోపలి నుంచి వీరేందర్ బయటికొచ్చాడు. ముగ్గుర్నీ చూసి నిలబడిపోయాడు.

"ఏంటమ్మా, పెద్దావిడను ఎందుకు తీసుకొచ్చారు ఇంత దూరం? కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా. కూర్చోండి. కొమురెల్లి గారూ, మీరు పెద్దపల్లి పోలేదా?"

సంధ్యారాణి అత్త ముఖం చూసింది. కొమురెల్లి కూడా చూశాడు. ఐలవ్వ తల పక్కకు వాల్చి వింటోంది. వీరేందర్ మాటలు అయిపోయాక కూడా వింటూనే ఉంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"ఈయన గాదు బిడ్డా."

వీరేందర్‌కు ఏమీ అర్థం కాలేదు. లేక అంతా అర్థమైంది. ఎందుకంటే ఆయన చెయ్యి వెనక్కి పోయి, తను వచ్చిన తలుపును దగ్గరికి లాగడం కొమురెల్లి చూశాడు.

తలుపు పూర్తిగా పడకముందే లోపలి గదిలో ఎవరో ఫోనులో మాట్లాడుతూ నవ్వారు. ఐలవ్వ వేళ్లు సంధ్యారాణి మణికట్టు మీద బిగుసుకున్నాయి.